స్పేస్ స్టేషన్‌లో తేలుతున్నారంటే అక్కడ గురుత్వ క్షేత్రం సున్నా అనేనా?

సున్నా కాదు. నేల మీద గురుత్వ త్వరణం (పడే వస్తువు వేగం సెకనుకు ఎన్ని మీ/సె చొప్పున పెరుగుతుందో ఆ విలువ) 9.8 అయితే, స్పేస్ స్టేషన్ తిరిగే 400 కి.మీ. ఎత్తులో దాదాపు 8.7. గురుత్వం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందనే న్యూటన్ సూత్రంలో దూరాన్ని నేల నుంచి కాకుండా భూమి కేంద్రం నుంచి కొలవాలి. భూవ్యాసార్థం 6,370 కి.మీ.కి ఇంకో 400 కలిస్తే ఎంతని తగ్గుతుంది?

ఏమీ లేని చోట క్షేత్రం ఎలా ఉంటుందని కూడా అడిగారు. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఈ పాఠంలో నిర్వచనం కన్నా ముందు ఒక పట్టిక వేయిస్తాను. కేంద్రం నుంచి 6,370 కి.మీ. దగ్గర 9.8. రెట్టింపు దూరంలో నాలుగో వంతు, అంటే 2.45. టీవీ ఉపగ్రహాలుండే 42,160 కి.మీ. దగ్గర 0.22. చంద్రుడి దూరంలో, 3,84,400 కి.మీ. దగ్గర, 0.0027. ఒకసారి ఒకమ్మాయి అడిగింది, "సార్, అక్కడ ఏ వస్తువుందో చెప్పకుండానే విలువలు రాసేస్తున్నాం కదా?" అని. క్షేత్రమంటే సరిగ్గా అదే. ప్రతి చోటుకూ ఒక విలువ, ఒక దిశ. అక్కడ కిలో ద్రవ్యరాశి పెడితే ఎన్ని న్యూటన్ల బలం పడుతుందో ఆ విలువ చెబుతుంది. 70 కిలోల మనిషైతే 70తో గుణించుకోండి. ఎవరూ లేకపోయినా ఆ విలువ అక్కడ ఉన్నట్టే.

మరి తేలడం ఎందుకంటే, స్టేషనూ అందులోని మనుషులూ ఒకే త్వరణంతో పడుతున్నారు. మనకు బరువుగా తెలిసేది నేల పాదాలను పైకి నెట్టడం. అక్కడ ఆ నెట్టుడు లేదు, లాగుడు మాత్రం ఉంది. ఆ లాగుడే లేకపోతే స్టేషన్ తిన్నగా దూరంగా వెళ్లిపోయేది. సెకనులో అది 4.3 మీటర్లు పడుతుంది, అదే సెకనులో 7.7 కి.మీ. పక్కకు జరుగుతుంది. అంత దూరం పోయేసరికి భూమి వంపు కూడా దాదాపు అంతే కిందికి దిగుతుంది కాబట్టి ఎత్తు తగ్గదు. ఈ ఒక్క లెక్క చేతితో చేసుకున్నాక పిల్లలకు ఇక అనుమానం మిగలడం నేను చూడలేదు.

పట్టికలో నాకు బాగా ఇష్టమైనది చివరి వరుస. న్యూటన్ పరీక్షించింది కూడా దాన్నే. చంద్రుడు సుమారు 60 భూవ్యాసార్థాల దూరంలో ఉన్నాడు, కాబట్టి అక్కడ త్వరణం 3,600వ వంతు ఉండాలి. మీరూ చేసి చూడండి: చంద్రుడి వేగం సెకనుకు 1,020 మీటర్లు. దాని వర్గాన్ని మీటర్లలో దూరంతో భాగించి (వృత్తంలో తిరిగే వస్తువు త్వరణం అలాగే వస్తుంది), వచ్చిన దాన్ని 0.0027తో పోల్చండి.