క్రూయిజ్ ఓడలో ఉద్యోగం: మిగతా ఫీజు కట్టేముందు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రెండు రొయ్యల చెరువులున్నాయి. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ అయ్యాక బీటెక్‌లో చేర్పిస్తే మొదటి సంవత్సరంలోనే మానేసి ఇంటికొచ్చాడు. నెల్లూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల క్రూయిజ్ (విహారయాత్రల ఓడ) కోర్సు చేస్తే ఓడలో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఫీజు రూ.2,80,000. నలభై వేలు అడ్వాన్స్ కట్టాను. మిగతాది మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టి కడదామనుకుంటున్నాను. రాయల్ కరీబియన్, కార్నివాల్, ఎంఎస్‌సీ కంపెనీలు పోటీపడి కొత్త ఓడలు కడుతున్నాయట. వీటిలో ఏది బాగా పెరుగుతోంది? ఎందులో చేరితే ఉద్యోగానికి ఢోకా ఉండదు? ఓడలో కప్పులు కడిగిస్తారని బంధువులు అంటున్నారు, అదొక్కటే మనసులో పీకుతోంది.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇదే ప్రశ్న ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి, ఆత్మకూరు నుంచి నాకు వస్తూనే ఉంటుంది. ఇన్‌స్టిట్యూట్ మారుతుంది, ఫీజు మారుతుంది. ‘ఓడలు పెరుగుతున్నాయట కదా’ అనే మాట మాత్రం అందరూ రాస్తారు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే ముందు దాని సంగతి చెప్తాను.

పోటీ నిజంగానే జోరుగా ఉంది. రాయల్ కరీబియన్ వాళ్ల ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ 2024 జనవరిలో తిరగడం మొదలుపెట్టింది. ఫిన్లాండ్‌లో కట్టారు. 20 అంతస్తులు. నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు పనిచేసేవాళ్లే 2,350 మంది. మన పల్లెలు నాలుగైదు ఒక్క ఓడలో పెట్టినట్టు. దానికి జోడీగా 2025 ఆగస్టులో ‘స్టార్ ఆఫ్ ది సీస్’ వచ్చింది. ఇక ఎంఎస్‌సీ. హైవే మీద కంటైనర్ లారీలపై ఆ మూడక్షరాలు మీరు చూసే ఉంటారు. ఆ సరుకు ఓడలూ ఈ క్రూయిజ్ ఓడలూ ఒకే కుటుంబానివి. వాళ్లు 2022లో ‘వరల్డ్ యూరోపా’ తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో ‘వరల్డ్ అమెరికా’ను తీసుకెళ్లి, రాయల్ కరీబియన్‌కూ కార్నివాల్‌కూ సొంత ఊరైన, అమెరికాలోని మయామీలోనే దించారు. ఓడల లెక్కలో అందరికన్నా పెద్దది కార్నివాల్. ప్రిన్సెస్, కోస్టా, ఐడా, కునార్డ్ లాంటి పేర్లన్నీ కలిపి 90 దాకా ఉంటాయి. కానీ కోవిడ్‌లో చేసిన అప్పు 30 బిలియన్ డాలర్లు దాటింది. అది తీర్చుకునే పనిలో పడి కొత్త ఓడల విషయంలో నెమ్మదించింది. ప్రపంచమంతా కలిపి క్రూయిజ్ ఎక్కినవాళ్లు 2019లో 2.97 కోట్ల మంది అయితే 2024లో 3.46 కోట్ల మంది.

మీరడిగిన పోలిక ఇదీ. రాయల్ కరీబియన్, ఎంఎస్‌సీ దూకుడు మీద ఉన్నాయి, కార్నివాల్ ఆచితూచి అడుగేస్తోంది. ఇంకా రాయగలను. కానీ మీ అబ్బాయికి ఇందులో పనికొచ్చేది చాలా తక్కువ కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

ఎందుకంటారా? మీరు రొయ్యల రైతు, ఇది నాకంటే మీకే బాగా తెలియాలి. 1990 తర్వాత మన తీరమంతా చెరువులు తవ్వారు. ఎవరి చెరువు చూసినా టైగర్ రొయ్యే. చెరువులు పెరుగుతున్నాయి కదా, ఇక ఢోకా లేదనుకున్నారు. 1994–95లో తెల్లమచ్చ రోగం వచ్చింది. సీడ్ అమ్మినవాడు, మేత అమ్మినవాడు తమ డబ్బు తాము తీసుకున్నారు. గట్టు మీద మిగిలింది రైతు. మొన్న 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ కౌంట్ ధరలు పడ్డాయి. మీ చెరువులో నీళ్లు బాగానే ఉన్నాయి, మేత బాగానే ఉంది, అయినా దెబ్బ మీకే తగిలింది.

ఓడలూ అంతే. 2020 మార్చిలో ప్రపంచంలో క్రూయిజ్ ఓడలన్నీ ఆగిపోయాయి. ప్రయాణికులను దింపేశారు కానీ పనివాళ్లు చాలామంది నెలల తరబడి ఓడలోనే చిక్కుకుపోయారు. కార్నివాల్ తన పాత ఓడల్లో కొన్నింటిని తుర్కియే (టర్కీ)లో ముక్కలు చేయించింది. మన దేశంలో 2019లో ముంబై నుంచి జలేశ్ క్రూయిజెస్ అని మొదలైంది. 2020 అక్టోబర్‌లో మూతపడింది. దాని ఓడ ‘కర్ణిక’ గుజరాత్‌లోని అలంగ్‌లో తుక్కయిపోయింది. హాంకాంగ్‌లో ఒక పెద్ద కంపెనీ 2022లో కుప్పకూలితే, జర్మనీలో పూర్తికాకుండా వదిలేసిన దాని ఓడను డిస్నీ కొనుక్కుంది. ఒక కంపెనీ పోతే దాని ఓడ ఇంకో కంపెనీ చేతికి వెళ్తుంది. పనివాడి కాంట్రాక్టు అలా వెళ్లదు.

ఇంకో సంగతి. ఓడలో హోటల్ పనివాళ్లకు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు. అది అయిపోగానే చాలామందికి జీతం ఆగుతుంది, ఇంటికొచ్చి మళ్లీ పిలుపు కోసం చూడాలి. కంపెనీకి వంద ఓడలున్నా మీ వాడి ఉద్యోగం ఆ తొమ్మిది నెలలే. కాబట్టి ‘ఢోకా లేని కంపెనీ’ అనే ప్రశ్నకు జవాబు లేదు. ఆ మాట ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మీ నోట్లో పెట్టారు.

ఆ కోర్సు గురించి కూడా నిక్కచ్చిగా చెప్తాను. చాలా క్రూయిజ్ కంపెనీలు 21 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకుంటాయి. మీ వాడికి 19. ఆరు నెలల కోర్సు అయ్యేసరికి ఇరవై. ఆ తర్వాత ఏం చేస్తాడు? వంటింట్లోకి తీసుకోవాలంటే మంచి హోటల్‌లో ఏడాదో రెండేళ్లో చేసిన అనుభవం అడుగుతారు. ఈ రెండు విషయాలూ మీకు చెప్పకుండా ఫీజు ఎలా తీసుకున్నారు? సముద్రం మీద భద్రత గురించి ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ కావాలి, నిజమే. అది కొన్ని రోజుల పని. డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న చోట వేలల్లో అయిపోతుంది, లక్షలు అక్కర్లేదు. అది కూడా ఉద్యోగం దగ్గరికొచ్చినప్పుడు చేస్తే చాలు.

ఓడల మీదికి మనుషులను పంపే ఏజెంటుకు డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఉన్నవాడు ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అంతర్జాతీయ ఒప్పందమూ, మన 2016 నిబంధనలూ రెండూ ఆ మాటే చెబుతున్నాయి. ఇప్పుడు మీరే ఆలోచించండి. మీ ఇన్‌స్టిట్యూట్‌కు లైసెన్సు లేకపోతే ఓడలో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పే హక్కే లేదు. లైసెన్సు ఉంటే దానికోసం డబ్బు తీసుకునే హక్కు లేదు. ‘ఇది శిక్షణ ఫీజండీ’ అంటారు. అయితే మీ రసీదు తీసి చూడండి, గ్యారంటీ అన్న మాట దాని మీద ఉందా? నా దగ్గరికి వచ్చిన రసీదుల్లో ఒక్కదాని మీదా లేదు. ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని మాత్రం అన్నింటి మీదా ఉంది.

ఇంత చెప్పానని ఓడ ఉద్యోగం చెడ్డదనుకోకండి. అల్లూరు వైపు కుర్రాడొకడు పదేళ్ల కిందట నా సలహా కోసం వచ్చాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, చెన్నైలో ఒక పెద్ద హోటల్ వంటింట్లో రెండేళ్లు చేసి, ఆ తర్వాత ఓడెక్కాడు. మొదటి కాంట్రాక్టు అయి వచ్చినప్పుడు నా బల్ల ముందు కూర్చుని ఫోన్‌లో తన గది చూపించాడు. రెండు మంచాలు ఒకదానిమీద ఒకటి, కింది మంచానికి నీలం కర్టెను. కిటికీ లేదు. నీటి మట్టానికి కింద ఉండే అంతస్తట. పగలో రాత్రో ఫోన్ చూస్తేనే తెలుస్తుందన్నాడు. కుడిచేతి చూపుడువేలు మొదట్లో కత్తి ఒరిసి కాయ కాసింది. రోజుకు పది, పదకొండు గంటలు పని, వారమంతా, ఆదివారం లేదు. ‘సార్, మొదటి నెల ఏడ్చాను. రెండో నెల నుంచి ఏడవడానికి టైం లేదు’ అన్నాడు. కోవిడ్‌లో ఓడలు ఆగితే ఇంటికొచ్చి, నెల్లూరులో ఒక హోటల్‌లో చేరాడు. జీతం తగ్గింది కానీ పొయ్యి దగ్గరి పని పోలేదు. ఓడలు మళ్లీ తిరగగానే పిలిచారు, వెళ్లాడు. వాడిని నిలబెట్టింది ఆ వేలి మీది కాయే. ఏ కంపెనీ ఓడ ఎక్కాడన్నది నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమనుకోకండి. మీ ఉత్తరంలో కంపెనీల పేర్లు మూడున్నాయి, ఫీజు ఉంది, నగలున్నాయి, బంధువులున్నారు. మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. వాడికి వంట ఇష్టమా? వడ్డించడం ఇష్టమా? మనుషులతో మాట్లాడతాడా? బీటెక్ ఎందుకు మానేశాడు, లెక్కలు రాకనా, హాస్టల్ పడకనా, మరేదైనా జరిగిందా? మీరు అడిగారా? సీడ్ కొనేటప్పుడు హ్యాచరీకి వెళ్లి, టెస్టు చేయించి, పది మందిని కనుక్కుని గానీ డబ్బివ్వరు. కొడుకు విషయంలో ఒక పోస్టర్ చూసి నలభై వేలు కట్టేశారు. వాడు ఇంట్లో ఖాళీగా కనిపించడం మీకు కష్టంగా ఉంది, ఎక్కడికో ఒకచోటికి పంపేస్తే ఊళ్లో చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. ఆ తొందరలో ఆవిడ నగల దాకా వెళ్లారు. ఆమెనైనా అడిగారో లేదో.

కప్పులు కడగడం గురించి మీ మనసులో పీకుతోందన్నారు. చూడండి, మీ అసలు బాధ ఇదే, కంపెనీల పోలిక కాదు. వంటింట్లో అడుగుపెట్టిన ప్రతివాడూ మొదట గిన్నెలు తోముతాడు, ఉల్లిపాయలు తరుగుతాడు, ఫ్రిజ్ తుడుస్తాడు. పెద్ద షెఫ్‌లనుకునేవాళ్లూ అక్కడినుంచే వచ్చారు. మీరు కూడా తెల్లవారుజామున చెరువులో దిగి బురద తొక్కినవాళ్లే కదా. అందులో మీకు లేని నామోషీ వాడికి ఎందుకు అంటగడతారు? పైగా మనది తినడం తెలిసిన ప్రాంతం. నెల్లూరు చేపల పులుసు పేరు పెట్టి ఎన్ని ఊళ్లలో హోటళ్లు నడుస్తున్నాయో మీకు తెలుసు. ఆ పని చేతికి వచ్చినవాడు ఆకలితో ఉండడు. ఆ భయం మీరు వదిలేయండి. ఒక్క ఏడాది పోయింది, అంతే. 19 ఏళ్లకు ఒక ఏడాది పెద్ద నష్టం కాదు. నా దగ్గరికి 25 ఏళ్లకు మొదటి నుంచి మొదలుపెట్టడానికి వచ్చినవాళ్లున్నారు, బాగానే స్థిరపడ్డారు.

వాడికి వంట మీద నిజంగా మనసుంటే తిరుపతిలో ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ కూడా అక్కడే ఉంది. మీకు మూడు నాలుగు గంటల దూరం. ప్రవేశాల సంగతి వాళ్ల వెబ్‌సైట్లో చూసుకుంటాడు, దానికి నేనక్కర్లేదు. డిగ్రీ అయ్యేసరికి ఇరవై రెండు, ఇరవై మూడు వస్తాయి. ఓ రెండేళ్లు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో మంచి హోటల్‌లో చేయనివ్వండి. అప్పటికి ఏ కంపెనీ ఓడలు కడుతుందో, ఏది అమ్ముకుంటుందో అప్పుడే చూడొచ్చు. అనుభవం ఉన్నవాడికి మూడూ తలుపు తీస్తాయి. ఓడ వద్దనిపిస్తే ఒడ్డున పని ఎలాగూ ఉంటుంది.

అయితే అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. మీకు తెలిసిన ఏదైనా హోటల్‌లో, కావలిలో అయినా సరే, రెండు నెలలు వంటింట్లో పెట్టండి. జీతం అడగొద్దు. ఉదయం ఆరింటికి వెళ్లి రాత్రి పదింటికి రావాలి. రెండు నెలలకు వాడే చెప్తాడు, ఇది నాకు సరిపడుతుందో లేదో. ఎండాకాలంలో పొయ్యి ముందు నిలబడలేనివాడు కిటికీ లేని గదిలో తొమ్మిది నెలలు ఉండలేడు. ఆ సంగతి కావలిలోనే తేలిపోతే మీకు రెండు లక్షల నలభై వేలు మిగులుతాయి.

అడ్వాన్స్ విషయం. ఇవాళే ఒక లెటర్ రాసి, కోర్సులో చేరడం లేదనీ, గ్యారంటీ అని నోటిమాటగా చెప్పి డబ్బు తీసుకున్నారనీ రాసి, స్పీడ్ పోస్టులో పంపండి. వాళ్ల ప్రకటన కాగితం, ఫోన్ మెసేజీలు దాచిపెట్టుకోండి. ఇవ్వకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. నలభై వేలు మొత్తం రాకపోవచ్చు. పోయిన దాన్ని వెనక్కి తేవాలని మిగతా డబ్బు మాత్రం కట్టకండి. నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

ఈసారి ఉత్తరం మీ అబ్బాయిని రాయమనండి. మీరు పక్కన కూర్చోవద్దు. బీటెక్ ఎందుకు మానేశాడో, ఇంట్లో ఎప్పుడైనా పొయ్యి దగ్గర నిలబడ్డాడో, నిలబడితే ఏం వండాడో రాయమనండి. తప్పులున్నా పర్లేదు, సొంత చేత్తో రాస్తే చాలు. జవాబు వాడికే ఇస్తాను.