ఫ్లోరైడ్ కన్నా అమోనియా బలమైనదా?

ప్రశ్న: మేడమ్, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. స్పెక్ట్రోకెమికల్ సిరీస్ (లైగాండ్లను, అంటే లోహ అయాన్‌కు ఎలక్ట్రాన్ జంటనిచ్చి అతుక్కునే అయాన్లను, అణువులను బలం వరుసలో పేర్చిన జాబితా) బట్టీ పట్టేశాను కానీ ఒకటి అర్థం కావట్లేదు. లోహానికి ధనావేశం ఉంటుంది కదా. మరి ఋణావేశమున్న ఫ్లోరైడ్ బలహీనమైన లైగాండ్, ఏ ఆవేశమూ లేని అమోనియా దానికన్నా బలమైనది ఎలా అయింది?

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. 1929లో హాన్స్ బేతే చెప్పిన క్రిస్టల్ ఫీల్డ్ సిద్ధాంతం లైగాండ్లను ఉత్త ఆవేశాలుగానే చూస్తుంది. ఆ లెక్కన ఫ్లోరైడే ముందుండాలి. కానీ ఆ సిరీస్ ఆవేశాల లెక్కతో తయారైంది కాదు. 1938లో జపాన్‌కు చెందిన ర్యుతారో సుచిదా, కోబాల్ట్ కాంప్లెక్సులు (లోహం, దాని చుట్టూ లైగాండ్లు కలిసిన సమ్మేళనాలు) ఏ కాంతిని పీల్చుకుంటున్నాయో చూసి లైగాండ్లను ఆ వరుసలో పేర్చాడు.

నారాయణగూడలో డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్పేటప్పుడు నేను ముందు నికెల్ సల్ఫేట్ ద్రావణమే చేతికిచ్చేదాన్ని. నీళ్లలో పచ్చగా ఉంటుంది. అమోనియా తగినంత పోస్తే నీలమవుతుంది, ఇథిలీన్‌డైఅమీన్ కలిపితే ఊదా రంగుకు తిరుగుతుంది. లోహం అదే, మారింది లైగాండ్ మాత్రమే. లోహంలో ఎలక్ట్రాన్లుండే డి ఆర్బిటాళ్లు లైగాండ్ల వల్ల శక్తిలో పై, కింది గుంపులుగా విడిపోతాయి; లైగాండ్ ఎంత బలమైనదైతే వాటి మధ్య ఎడం అంత ఎక్కువ. ఆ ఎడం పెరిగేకొద్దీ కాంప్లెక్స్ ఎక్కువ శక్తి ఉన్న కాంతిని పీల్చుకుంటుంది. మనకు కనిపించేది పీల్చుకోగా మిగిలిన రంగు. (నికెల్ లవణాలు విషం, ల్యాబ్‌లోనే చేయాలి.)

ఇక ఫ్లోరైడ్ సంగతి. లోహంతో బంధానికి ఒక ఎలక్ట్రాన్ జంట ఇచ్చాక కూడా దాని దగ్గర ఇంకా జంటలు మిగులుతాయి. అవి లోహపు కింది డి ఆర్బిటాళ్లతో కలిసి వాటి శక్తిని పైకి నెడతాయి. దాంతో ఎడం తగ్గిపోతుంది. అమోనియాకు ఉన్నదే ఒక్క జంట, ఆ ఇబ్బందే లేదు. కార్బన్ మోనాక్సైడ్ అయితే లోహం నుంచి ఎలక్ట్రాన్లను తన ఖాళీ ఆర్బిటాళ్లలోకి తీసుకుని కింది ఆర్బిటాళ్లను ఇంకా దించుతుంది. అందుకే అది చివర, అన్నిటికన్నా బలంగా ఉంది. కోబాల్ట్(3)తో, అంటే +3 ఆవేశమున్న కోబాల్ట్‌తో, ఆరు ఫ్లోరైడ్లుంటే ఎడం సుమారు 13,000 సెంటీమీటర్ ఇన్వర్స్ (ఇక్కడ శక్తిని చెప్పే యూనిట్), ఆరు అమోనియాలుంటే సుమారు 23,000. ఎడం పెద్దదైతే ఎలక్ట్రాన్లు పైకెళ్లకుండా కిందే జతకడతాయి. అందుకే మొదటిదానిలో 4 ఒంటరి ఎలక్ట్రాన్లు (హై స్పిన్), రెండోదానిలో ఒక్కటీ లేదు (లో స్పిన్).

పరీక్షలో ఒక్కటి జాగ్రత్త. లైగాండ్ పేరు చూడగానే హై స్పిన్ అని రాసెయ్యకు. నీళ్లు ఐరన్(3)తో హై స్పిన్, కోబాల్ట్(3)తో లో స్పిన్. లోహమేదో, దాని ఆవేశమెంతో కూడా చూడాలి.