పొద్దుగూకితే ముద్ద దిగడం లేదు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పల్లె. ఎమ్మెస్ చదవడానికి అక్టోబరులో జర్మనీ వచ్చాను. చీకటి పడితే ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తోంది. సంగటి చేస్తే ఉండలు కట్టింది, పారేశాను. రోజూ రాత్రి 9 గంటలకు అమ్మతో గంటసేపు వీడియో కాల్ మాట్లాడతాను, పెట్టేశాక ఇంకా దిగులు. నాయన అప్పుచేసి పంపాడు కాబట్టి ఏమీ చెప్పలేక ‘బాగా తిన్నా’ అంటాను. వెనక్కి వచ్చేయాలా?

జవాబు: ఇప్పుడే టికెట్ కొనకండి. మీరు వెళ్లి మూడు నెలలు కూడా కాలేదు. పైగా ఏడాది మొత్తంలో పగలు బాగా కురచగా ఉండే రోజులివి. డిసెంబరులో అక్కడ 4, 4:30 గంటలకల్లా పొద్దుగూకుతుంది. అక్కణ్నుంచి నిద్రపోయే దాకా ఆరేడు గంటలు మీరు తలుపేసుకుని ఒక్కరే గదిలో ఉంటున్నారు. బెంగ ఆ గంటల్లోనే ముదురుతోంది. మధ్యాహ్నం 12, 1 గంట మధ్య మబ్బుగా ఉన్నా సరే అరగంట బయట నడవండి. క్లాసు అయ్యాక గదికి కాకుండా లైబ్రరీకి వెళ్లి 7 దాకా అక్కడే చదువుకోండి.

ఇక ఫోను. మీకు రాత్రి 9 అంటే గుత్తిలో 1:30. చలికాలంలో తేడా నాలుగున్నర గంటలు, మార్చి ఆఖరి ఆదివారం నుంచి మూడున్నర. అమ్మ నిద్ర మానుకుని మీ ముఖం చూస్తోంది, మీరు ఆమె కళ్ల కింద నలుపు చూస్తున్నారు. దాన్ని ఉదయం 7:30కి మార్చండి, ఇంటి దగ్గర సరిగ్గా మధ్యాహ్నం 12. ట్రామ్ స్టాపుకు నడుస్తూ పావుగంట, వీడియో లేకుండా. వీడియో ఆదివారానికి ఉంచుకోండి. ‘బాగా తిన్నా’ అన్న అబద్ధం ఆమెను ఊరుకోబెట్టదు, అందుకే అదే ప్రశ్న పదిసార్లు అడుగుతుంది. ‘మా, ఈ పొద్దు మనసేం బాగలేదు, అయినా క్లాసుకు పోయొచ్చినా’ అనండి. రెండో సగం కూడా నిజమే కాబట్టి ఆమెకు ధైర్యం వస్తుంది.

సంగటి ఎందుకు చెడిందో చెప్తాను, ఎందుకంటే అది పారేసిన రోజే మీరు బాగా కుంగిపోయినట్టుంది. బాస్మతితో సంగటి కుదరదు, మెతుకు విడిపోతుంది. అక్కడ ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా మిల్ష్‌రైస్ అని పొట్టి బియ్యం దొరుకుతాయి, మెత్తగా ఉడుకుతాయి. అర గ్లాసు బియ్యం, మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మెతుకు చిదిమితే నలిగేదాకా ఉడకనివ్వండి. మంట బాగా తగ్గించి ఒక గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయండి. చెక్కగరిటె కాడతో కుప్పలో ఒక గుంట చేసి, మూతపెట్టి 5, 6 నిమిషాలు వదిలేయండి. కలపొద్దు. పిండి పోసిన వెంటనే కలిపితే పైపొర ఉడికి లోపల పచ్చిపిండి మిగిలిపోతుంది, ఉండలంటే అవే. ఇంకొకటి, కరెంటు పొయ్యి ఆపేసినా పళ్లెం చాలాసేపు వేడిగానే ఉంటుంది. కాబట్టి గిన్నె పక్కకు దించి, గుడ్డతో గట్టిగా పట్టుకుని, అంచుకేసి రుద్దుతూ గెలకండి. గరిటెకు అంటుకోకుండా ముద్దగా ఊడొస్తే అయినట్టే. చేయి తడిచేసుకుని ముద్ద కట్టండి. అందులోకి పాలకూర పప్పో చెనిక్కాయల (వేరుశనగ) ఊరిబిండి పచ్చడో చాలు. తిరగమాతలో ఎండుమిర్చి మాడితే గదిలో పొగ అలారం మోగుతుంది. దాన్ని ఎప్పుడూ ఊడదీయకండి, కిటికీ తెరిచి నూనె తక్కువ వేడిలో వేయించండి.

వారంలో ఒక్కరోజు, ఒకే వేళకు ఇది చేసుకోండి. రోజూ ఇంటి తిండే కావాలని పట్టుబడితే కుదరని ప్రతిరోజూ ఓటమిలా ఉంటుంది. ఆదివారం ఉగ్గాని చేసి మీ అంతస్తులో ఇద్దరిని పిలవండి. బొరుగులు ఇండియన్ షాపువే కొనండి. ఒక్క నిమిషం తడిపి వెంటనే పిండేయాలి, నానితే జావైపోతాయి. పుట్నాలపొడి ఆఖరున చల్లండి. తెలుగువాళ్లే దొరకాలని చూడకండి, పక్కగది ఎవరైనా సరే.

ఇంటి నుంచి తెప్పించుకునేటప్పుడు జాగ్రత్త. పాలతో, మాంసంతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు, అంటే నెయ్యి, పాలకోవా కస్టమ్స్‌లో పోతాయి. చెనిక్కాయల పొడి కూడా ఎక్కువ పంపొద్దని చెప్పండి, నూనెగింజ కాబట్టి పాతబడితే కమురు వాసన వస్తుంది. ఎండుమిర్చి, నల్లకారం తెప్పించుకోండి. పొడులు పూర్తిగా చల్లారాకే మూట కట్టమనండి, వేడిమీద కడితే చెమ్మపట్టి గడ్డకడతాయి.

ఇంత చేసినా రెండు వారాలు వరుసగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, క్లాసులు మానేస్తున్నా అది వట్టి బెంగ కాకపోవచ్చు. డాక్టరుకు చూపించుకోండి, యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉంటుంది, అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి: అక్కడి అత్యవసర నంబరు 112కు, లేదా మనసు విప్పి మాట్లాడుకునే సాయం లైను 0800 111 0 111కు ఫోన్ చేయండి. రెండోది ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది.

అప్పు సంగతి నాయనతోనే మాట్లాడండి: ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, కంతు ఎప్పుడు. తెలియని అంకె గుండెలమీద ఎక్కువ బరువుగా కూర్చుంటుంది. తిరిగి రావాలా వద్దా అన్నది సెమిస్టర్ పరీక్షలు అయ్యాక, ఏప్రిల్‌లో తేల్చుకుందాం. అప్పటికీ రావాలనే ఉంటే చదువు మానేయక ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒక సెమిస్టర్ సెలవు గురించి, దానివల్ల వీసాకు ఏమవుతుందో అడిగి కాగితం మీద రాయించుకోండి.