‘పెద్దబాడిస’ అన్నాడు, ఉత్త బాడిస అనలేదు

‘జానపద బాణీలో సొంతంగా పాటలు రాసి పాడుకుంటున్నాను, పాటలు రాసి పాడే కవి గోరటి వెంకన్న పాట ఎలా ఎదిగింది, మాలాంటివాళ్ళు అందులోంచి ఏం నేర్చుకోవచ్చు’ అని మీరు అడిగారు. బాణీల గురించి, దరువుల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను మా తాత గురించి చెప్తాను. వెంకన్న పాట నాకు అర్థమైంది ఆయన వల్లే.

మాది కల్వకుర్తి వైపు పల్లె. తాత వడ్ల పని, అంటే వడ్రంగం చేసేవాడు. నాగళ్ళు, గుంటకలు, ఎడ్లబండ్లు, ఆ తర్వాత తలుపులు, మంచాలు. రైతులు కల్లాల కాడ మేర, అంటే పనికి కూలిగా ధాన్యం, కొలిచేవాళ్ళు, దాంతోనే మా నాన్నావాళ్ళు నలుగురూ పెరిగారు. 2002లో ‘కుబుసం’ సినిమా వచ్చాక అందులో వెంకన్న రాసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట మా వైపు మోగని హోటల్ లేదు, ఆటో లేదు. మా అన్న క్యాసెట్ కొనుక్కొచ్చాడు. అప్పటికి తాత పని మానేసి చాలా ఏళ్ళయింది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని మంచానికి నులక పేనుతున్నాడు, టేప్‌రికార్డర్ గడపలో ఉంది. పాట నడుస్తోంది, ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు. కుమ్మరి వాములో తుమ్మలు మొలవడం వచ్చింది, కమ్మరి కొలిమిలో దుమ్ము పేరుకోవడం వచ్చింది, ఆ వెంటనే వడ్రంగి కర్ర చెక్కే పెద్దబాడిస మొద్దుబారడం వచ్చింది. నులక మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఆపు. మల్ల పెట్టు” అన్నాడు.

మా టేప్‌రికార్డర్‌లో కొంచెం వెనక్కి తిప్పడం కుదిరేది కాదు, ప్రతిసారీ పాట మొదటికే పోయేది. అలా మూడుసార్లు మొత్తం విన్నాం. మూడోసారి ఆ మాట దాటగానే లేచి లోపలికి వెళ్ళి, చూరులో పాత పంచెగుడ్డలో చుట్టి పెట్టిన బాడిస తీసుకొచ్చాడు. గుడ్డ విప్పి అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. “పెద్దబాడిస అన్నడు సూడు. ఉత్త బాడిస అనలే. ఎరుకున్నోడే రాసిండురా ఇది” అన్నాడు. అంతే, మళ్ళీ నులక అందుకున్నాడు. ఆ రాత్రి మాత్రం అన్నం తినలేదు.

నాకప్పుడు తెలియలేదు, తర్వాత నాన్న చెప్పాడు. పెద్దబాడిస మొద్దును చెక్కి దారికి తేవడానికి, చిన్నబాడిస నునుపు చేయడానికి. నాగలికైనా బండికైనా పెద్దది కావాలి. మంచంకోళ్ళకు, తలుపులకు చిన్నదాంతో చాలా పని అయిపోతుంది. మా ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చి నాగళ్ళు మూలకు పడ్డాక, మా ఇంట్లో పెద్దబాడిస చూరెక్కింది, చిన్నది ఇంకో పదేళ్ళు తిరిగింది. అంటే వృత్తి ఒక్కరోజులో చావలేదు, ముందు దాని పెద్ద చెయ్యి పడిపోయింది. ఇదంతా ఆ పాటలో ఒక్క మాటలో ఉంది. వేరే ఎవరైనా అయితే ‘వడ్రంగి పని పోయింది’ అని రాసి ఊరుకునేవాళ్ళు, మా తాత నులక పేనుతూనే ఉండేవాడు.

అందుకే నేను గట్టిగా చెప్తాను: పేర్లు తెలియని మనిషి జానపదం రాయలేడు. గొంతు ఎంత బాగున్నా సరే. ఇప్పుడు యూట్యూబ్‌లో ‘ఫోక్’ అని వచ్చేవాటిలో ఊరు ఎక్కడుంది చెప్పండి? బావ, మరదలు, ఎర్రగాజులు, వెనకాల పచ్చటి పొలం. ఆ పొలంలో ఏం పంట వేశారో పాటలో ఉండదు, గట్టు మీది చెట్టుకు పేరుండదు. ఆటపాట తప్పని నేననను, మా ఆడవాళ్ళ బతుకమ్మ పాటా ఆడేదే కదా, కానీ అందులో తంగేడుకు, గునుగుకు పేరు పెట్టి పిలుస్తారు. మా మేనల్లుడు ఊళ్ళో ఇసుక ట్రాక్టర్ల మీద ఒక పాట రాసుకుని, డబ్బు కట్టి మరీ రికార్డింగ్‌కు వెళ్తే, అక్కడివాళ్ళు ‘ఊపు లేదు’ అని రెండు చరణాలు తీయించేసి డీజే బీటు పెట్టారు. తీసేసిన చరణాల్లోనే వాళ్ళ ఊరి చెలిమెలు ఉన్నాయి, వాగులో ఇసుక తోడి ఊటనీళ్ళు ముంచుకునే ఆ గుంటలు. వాడు ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

ఇక ఎదుగుదల సంగతి. వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా తెల్కపల్లి మండలం గౌరారం. అంత పేరొచ్చిన పాట తర్వాత అదే ఏడుపును అటుతిప్పి ఇటుతిప్పి ఇంకో ఇరవై రాసినా జనం వినేవాళ్ళే, ఆ ఉచ్చులో పడ్డ పాటగాళ్ళను చాలామందిని చూశాను. ఆయన అక్కడే కూర్చోలేదు. ‘గల్లీ చిన్నది’ పాటలో పట్నం గరీబోళ్ళ ఇరుకు సందులోకి పోయాడు. ‘వాగు ఎండిపాయెరో’ పాటలో మనుషుల్ని వదిలి నీళ్ళ దగ్గర నిలబడ్డాడు. మా దుందుభి వాగు ఎండినప్పుడు చూసినవాళ్ళెవరూ ఆ పాటను పూర్తిగా వినలేరు, నేనైతే వినలేను. ‘వల్లంకి తాళం’ పుస్తకానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వల్లంకి అంటే పిట్ట.

ఆయన జనం బాధలు వదిలేసి చెట్లూ పిట్టలూ పట్టుకున్నాడని కొందరు నొచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. పెద్దబాడిసను చిన్నబాడిసను వేరుగా చూసిన కన్నే, ఆ తర్వాత పిట్టనూ వాగునూ అంత దగ్గరగా చూసింది. చూసే తీరు మారలేదు, చూపు పడే చోటు విశాలమైంది. ఎదగడమంటే నా లెక్కలో ఇదే, వాయిద్యాలు పెరగడం కాదు. ఆయన వేదిక మీద పాడుతుంటే గమనించండి, చేతులు, కాళ్ళు, మొహం అన్నీ పాటలోనే ఉంటాయి, వెనకాల డప్పు లేకపోయినా పాట నిలబడుతుంది.

కాబట్టి మీరు మైకు, సౌండ్ కార్డు కొనే టెన్షన్ ఇప్పుడే పెట్టుకోకండి. మీ ఊళ్ళో పనిముట్లు పట్టిన ముసలివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. మా తాత పోయాడు. పెద్దబాడిస మా ఇంట్లోనే ఉంది, దసరాకు పసుపూ కుంకుమా పెడతాం. మొన్న దసరాకు మేనల్లుడు దాన్ని చేతిలోకి తీసుకుని, పిడి ఏ కర్రతో చేస్తారని నాన్నను అడిగాడు. ఇప్పుడు వాళ్ళ వాగు ఒడ్డున ఉన్న చెట్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. నలభై దాటాయట. పాట ఇంకా మొదలుపెట్టలేదు.