ఐసీయూలో నాన్నకు స్టెరాయిడ్ ఇస్తున్నారు... ఆపమనాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. నాన్నకు 64 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. న్యుమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని విశాఖలోనే ఒక ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు. బీపీ నిలబడటానికి మందు ఎక్కిస్తూ, హైడ్రోకార్టిసోన్ కూడా ఇస్తున్నారు. షుగర్ 220 దాటుతోంది. స్టెరాయిడ్ ఆపించమని బాబాయి గొడవ. విటమిన్-సి ఎక్కువ డోసు ఎక్కిస్తే లేచి కూర్చుంటారని వాట్సాప్‌లో వచ్చింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, విటమిన్-సి మాత్రం అడగకండి. ఒకప్పుడు డాక్టర్లలోనూ దాని మీద ఆశ ఉండేది. 2022లో లోవిట్ అనే అధ్యయనం వచ్చింది. అందులో ఉన్నవాళ్లంతా మీ నాన్నగారిలాగే ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో చేరి, బీపీ మందు మీద ఉన్నవాళ్లే, 872 మంది. 28వ రోజుకి చనిపోయినవారు, అవయవాలు ఇంకా తేరుకోనివారు కలిపి విటమిన్-సి తీసుకున్నవారిలో 44.5 శాతం, తీసుకోనివారిలో 38.5 శాతం. పైగా అంత డోసు రక్తంలో ఉంటే కొన్ని గ్లూకోమీటర్లు షుగర్‌ను లేనంత ఎక్కువగా చూపిస్తాయి. అది నమ్మి ఇన్సులిన్ పెంచితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. మీ నాన్నగారికి ఆ ప్రమాదం అసలు వద్దు.

స్టెరాయిడ్ విషయంలో బాబాయిగారి భయం నాకు అర్థమవుతుంది. నెలల తరబడి వాడితే వచ్చే నష్టాలు ఆయన చూసే ఉంటారు. ఇక్కడ ఇస్తున్నది కొద్ది రోజులకే. హైడ్రోకార్టిసోన్ మన అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోనే. రక్తనాళాలు బీపీ మందుకు బాగా స్పందించడానికి సాధారణంగా రోజుకు 200 మిల్లీగ్రాములు ఇస్తారు. వెంటిలేటర్ మీద, షాక్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో) ఉన్న 3,658 మంది ఫలితాలతో 2018లో వచ్చిన అధ్యయనంలో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కానీ షాక్ నుంచి సగటున నాలుగు రోజులకు బదులు మూడు రోజుల్లోనే బయటపడ్డారు. ఆ ఒక్క రోజు ఐసీయూలో చాలా విలువైనది. తీవ్రమైన న్యుమోనియాపై ఫ్రాన్స్‌లో చేసి, 2023లో ప్రచురించిన అధ్యయనంలో మరణాలు 11.9 నుంచి 6.2 శాతానికి తగ్గాయి. అయితే చేరేటప్పటికే షాక్‌లో ఉన్నవారిని, ఫ్లూ వల్ల న్యుమోనియా వచ్చినవారిని అందులో తీసుకోలేదు. ఫ్లూలో స్టెరాయిడ్ చెడు చేయవచ్చు కాబట్టి, ఆ పరీక్ష చేశారా అని తప్పకుండా అడగండి.

స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది, నిజమే. దానికి ఇన్సులిన్ సరిచేస్తారు. 180 లోపు ఉంచితే చాలు. వందకు దించమని ఒత్తిడి చేయకండి. అలా గట్టిగా దించినప్పుడే మరణాలు పెరిగాయని 2009లోనే తేలింది.

రేపు విజిటింగ్ టైమ్‌లో, బీపీ మందు డోసు నిన్నటికంటే తగ్గిందా, కల్చర్ రిపోర్టు (ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష ఫలితం) వచ్చిందా అని కూడా అడగండి.

ఇంకొకటి. మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో నాన్నగారు ఊళ్లో ఇంజెక్షన్లు, పేరు తెలియని మాత్రలు, పొడులు వాడేవారా? వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. చాన్నాళ్లు వాడినవారి శరీరం సొంత హార్మోన్ తయారుచేయడం తగ్గించేస్తుంది. అలాంటివారికి ఉన్నట్టుండి స్టెరాయిడ్ ఆపితే ప్రాణం మీదికొస్తుంది. అమ్మగారిని అడిగి, ఏమైనా వాడి ఉంటే ఈ రాత్రికే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి.