నిచ్చెన ఎక్కకుండా సీలింగ్‌కి డాంగ్లర్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పండగ సీజన్ దగ్గర పడేకొద్దీ షాపుల వాళ్ల ప్రశ్నలు ఎక్కువయ్యాయి. దాదాపు అందరూ అడిగేది ఒక్కటే: ఆఫర్ బోర్డులు, డాంగ్లర్లు (దారంతో వేలాడే ప్రకటన కార్డులు) సీలింగ్‌కి వేలాడదీయాలంటే ప్రతిసారీ నిచ్చెన ఎక్కాల్సిందేనా, వేరే దారి లేదా అని. ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది తెనాలిలో బట్టల షాపు. ఆషాఢం, దసరా, సంక్రాంతి అంటూ ఏడాదంతా పాత డాంగ్లర్లు తీసి కొత్తవి కడుతూనే ఉండాలి. ర్యాకుల మధ్య నిచ్చెన పట్టదు. కింద నిలబడే కర్రతో తగిలించే పరికరం ఒకటి ఉందంటున్నారు. అది నిజంగా పనిచేస్తుందా?

భేషుగ్గా పనిచేస్తుందండీ, మీ సీలింగ్ దానికి తగ్గదైతే. మామిడికాయలు కోసే చిక్కం కర్ర చూసే ఉంటారు కదా, ఉపాయం అదే, కాకపోతే అక్కడ పైనున్నదాన్ని కిందికి దించుతాం, ఇక్కడ కిందున్నదాన్ని పైకి చేర్చి అక్కడే వదిలేస్తాం. పొడవు పెంచుకుని తగ్గించుకునే కర్ర ఒకటి, దాని చివర ఒక తల, ఆ తలలో కూర్చుని పైకి వెళ్లే క్లిప్పు లేదా అయస్కాంతం. మొత్తం సరంజామా ఇంతే. డాంగ్లర్‌ని కిందే దారంతో క్లిప్పుకి కట్టేసి, కర్రతో పైకి లేపి, సీలింగ్‌కి పట్టించి, కర్ర ఒక్కటే కిందికి తెచ్చుకుంటారు.

క్లిప్పు రకం ఫాల్స్ సీలింగ్‌లో టైల్స్‌ని మోసే లోహపు పట్టీని పట్టుకుంటుంది. తలకిందులు చేసిన టీ ఆకారంలో ఉంటుంది కాబట్టి పనివాళ్లు దాన్ని టీ సెక్షన్ అంటారు. కర్రతో క్లిప్పుని ఆ పట్టీకి ఆనించి, పైకి నొక్కి పావు చుట్టు తిప్పితే దాని చెవులు రెండూ పట్టీ అంచుల మీదికి ఎక్కి కూర్చుంటాయి. తీసేటప్పుడు అటునుంచి ఇటు తిప్పడమే. అయస్కాంతం రకానికి తిప్పడం కూడా అక్కర్లేదు, పట్టీ ఇనుముదైతే దగ్గరికి తీసుకెళ్లగానే అదే లాక్కుంటుంది.

అయితే ఒక్క మాట. కర్ర కొనే ముందు తలెత్తి మీ సీలింగ్ చూసుకోండి. చాలామంది ముందు పరికరం కొనేసి తర్వాత ఇది మా షాపుకి పనికిరాలేదని అంటున్నారు, ఎక్కువసార్లు పరికరంలో లోపమేమీ ఉండదు. రెండడుగుల చదరపు టైల్స్, వాటి మధ్య తెల్లటి పట్టీలు కనిపిస్తే మీది గ్రిడ్ సీలింగ్, మీకు సగం పని అయిపోయినట్టే. ఆ పట్టీ సాధారణంగా 24 మిల్లీమీటర్లు గానీ 15 మిల్లీమీటర్లు గానీ ఉంటుంది, ఒకదానికి చేసిన క్లిప్పు రెండోదానికి సరిగ్గా పట్టదు. పైకెక్కి కొలవనక్కర్లేదు, కింద నుంచి తిన్నగా ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూడండి. టైల్ వెడల్పులో పట్టీ పాతికో వంతు ఉంటే 24, నలభయ్యో వంతు ఉంటే 15.

పట్టీ ఇనుమా అల్యూమినియమా అన్నది తేల్చుకోవడానికి ఇంట్లో బూజు కర్ర చాలు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని దాని చివర టేపుతో చుట్టి పట్టీకి ఆనించండి. టక్కున పట్టుకుంటే ఇనుము, అయస్కాంతం రకం కొనుక్కోవచ్చు. జారిపోతే అల్యూమినియం, మీకు క్లిప్పు రకమే గతి.

కర్ర పొడవు గురించి కూడా అడిగారు. 12 అడుగుల సీలింగ్‌కి 12 అడుగుల కర్ర అక్కర్లేదు. మీ చేతులే అయిదారడుగుల ఎత్తులో ఉంటాయి కాబట్టి ఏడెనిమిది అడుగుల కర్ర సరిపోతుంది. మరీ పొడవైతే చివర ఊగిపోతూ గురి కుదరదు, మెడ నొప్పి అదనం.

ప్రశ్న: నెల్లూరులో మాకు సూపర్ మార్కెట్ ఉంది. 10 కిలోలు మోస్తుందని రాసి ఉన్న అయస్కాంతం కొంటే రెండు కిలోల బోర్డుతో సహా ఊడి పడింది. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు. మమ్మల్ని మోసం చేశారా?

మోసమని అప్పుడే అనుకోకండి. ఆ పది కిలోల లెక్క దళసరి ఇనప దిమ్మ మీద, నున్నగా శుభ్రంగా ఉన్న చోట, తిన్నగా లాగి చూసి వేసింది. మీ సీలింగ్ పట్టీ పల్చటి రేకు, పైన పెయింటు, దాని మీద దుమ్ము. అయస్కాంతం బలం పూర్తిగా పనిచేయాలంటే అవతల తగినంత ఇనుము ఉండాలి, పల్చటి రేకులో అంత ఉండదు. మధ్యలో కాగితం మందం సందు వచ్చినా పట్టు తగ్గిపోతుంది. ఏసీ గాలికి బోర్డు ఊగితే ఆ ఊపు అయస్కాంతాన్ని ఒక అంచు నుంచి లేపుతుంది, ఒక అంచు లేచిందంటే ఇక మిగతాదీ ఊడినట్టే.

చిన్నగా ఉన్నా గట్టిగా పట్టే ఈ నియోడిమియం అయస్కాంతాలు 1980ల మొదట్లో జపాన్‌లో సుమిటోమో, అమెరికాలో జనరల్ మోటార్స్ విడివిడిగా తయారుచేసినవి. వాటి బలాన్ని ఎవరూ తక్కువ చేయలేరు, కానీ పట్టుకోవడానికి అవతల సరైన ఇనుము దొరకాలి కదా. డబ్బా మీద రాసినదాంట్లో పదో వంతు బరువుకి మించి వేలాడదీయొద్దని నా సలహా. 10 కిలోలని ఉంటే మీ బోర్డు కిలో దాటకూడదు.

అసలు బోర్డులు ఎంత బరువుంటాయో కూడా లెక్క వేసుకుందాం. దళసరి ఆర్ట్ కార్డు మీద అచ్చువేసిన ఏ3 డాంగ్లర్ 40 గ్రాములు కూడా ఉండదు, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. అదే 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (నురుగులా తయారుచేసిన ప్లాస్టిక్ అట్ట) మీద రెండడుగులు బై మూడడుగులు చేయించారంటే కిలోన్నర చిల్లర తూగుతుంది. 3 మిల్లీమీటర్లదైతే ఇంచుమించు కిలో. ప్రింటింగ్ షాపులో ఆర్డరిచ్చేటప్పుడే ఇది సీలింగ్‌కి వేలాడేది, పల్చటి దాని మీద వెయ్యండి అని చెబితే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. గ్రిడ్ సీలింగ్ అనేది తన టైల్స్‌ని మోసుకోవడానికి సన్నటి తీగలతో శ్లాబుకి వేలాడగట్టినది, దాని మీద మనం వేసే ప్రతి బోర్డూ అదనపు బరువే. కిలో దాటిన ఏ బోర్డునైనా సీలింగ్‌కి కాకుండా పైన శ్లాబుకి కొట్టించిన హుక్కుకే కట్టాలి.

ప్రశ్న: నేను ఒక షోరూంలో సేల్స్‌గర్ల్‌ని. ఆఫర్ మారినప్పుడల్లా ప్లాస్టిక్ స్టూలు మీద కుర్చీ వేసి మమ్మల్నే ఎక్కమంటారు. ఒకసారి మా తోటి అమ్మాయి పడి మణికట్టు విరిగింది. భయమేస్తోందంటే నాటకాలంటారు. ఏం చేయాలి?

మీ భయం నూటికి నూరుపాళ్లు న్యాయమైనదమ్మా, అందులో నాటకమేమీ లేదు. స్టూలు మీద కుర్చీ వేసి మనిషిని ఎక్కించడం ఏ లెక్కన చూసినా తప్పే. ఆరడుగుల ఎత్తు నుంచి గచ్చు మీద తల తగిలితే ఆ ఇంట్లో వాళ్ల బతుకులే తారుమారైపోతాయి. కార్డుముక్క వేలాడదీయడం కోసం అంత ప్రమాదం ఎవరూ మోయకూడదు.

బ్రిటన్‌లో 2005లో ఎత్తు మీద చేసే పనులకి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు. వాటిలో మొట్టమొదటి సూత్రం ఏమిటంటే, ఆ పనిని కింద నుంచే చేసే వీలుంటే అసలు ఎక్కించకూడదు. బెల్టులు, రెయిలింగులు, మంచి నిచ్చెనలు, అవన్నీ ఆ తర్వాతి మాట. డాంగ్లర్ల పనిని కింద నుంచి చేసే వీలు కచ్చితంగా ఉంది. మీ మేనేజర్‌తో భయమని కాకుండా డబ్బు భాషలో మాట్లాడి చూడండి. సార్, పొడవు కర్ర ఒకటి, క్లిప్పులు కొన్ని తెప్పిస్తే షాపు తెరిచి ఉండగానే, ర్యాకులు జరపకుండా, ఇద్దరం పట్టుకోవాల్సిన పని ఒక్కరమే చేసేస్తాం అనండి. మీరు నలుగురూ కలిసి అడిగితే ఇంకా మంచిది. అప్పటికీ వినకపోతే ఎక్కనని చెప్పే హక్కు మీకుంది, అలా చెప్పడానికి మొహమాటపడకండి.

షోరూం యజమానులు ఇది చదువుతుంటే మీకూ ఒక మాట. నిచ్చెన తప్పనిసరైన రోజు వస్తే గోడకి ఆనించే నిచ్చెనని ప్రతి నాలుగడుగుల ఎత్తుకీ అడుగు దూరం చొప్పున కాలు జరిపి నిలబెట్టించండి, కింద ఒక మనిషిని పట్టుకోమనండి, చీర కట్టుకున్నవాళ్లని, చెప్పులతో ఉన్నవాళ్లని ఎక్కించకండి. ప్లాస్టిక్ స్టూలు కూర్చోవడానికి చేసింది.

ప్రశ్న: కరీంనగర్‌లో చిన్న ఫ్యాన్సీ స్టోరు. అంత ఖర్చు పెట్టలేను. ఇంట్లో ఉన్నవాటితో చేసుకోవచ్చా?

తేలిగ్గా చేసుకోవచ్చు. ముప్పావు అంగుళం పీవీసీ పైపు ఏడడుగులది తీసుకుని ఒక చివర ఆక్సా బ్లేడుతో వి ఆకారంలో లోతుగా గాటు పెట్టండి, అంచులు గరుకుకాగితంతో రుద్దండి. హార్డ్‌వేర్ షాపులో ఎస్ హుక్కులు దొరుకుతాయి, వాటి పై వంపుని కటింగ్ ప్లేయర్‌తో కాస్త వెడల్పు చేయండి. కింది వంపుకి డాంగ్లర్ దారం ముడివేసి, ఆ వంపుని పైపు గాట్లో కూర్చోబెట్టండి. దారం పైపు పక్కనుంచి కిందికి వేలాడుతుంది. ఇప్పుడు పైకి లేపి, పై వంపుని సీలింగ్‌లో ఉన్న రింగులోకో తీగ మీదికో ఎక్కించి, పైపుని మెల్లగా కిందికి దించండి. బరువు రింగు మీద పడగానే హుక్కు అక్కడే ఆగిపోతుంది, పైపు ఖాళీగా వచ్చేస్తుంది. మొదటి రెండు మూడు హుక్కులు కాస్త విసిగిస్తాయి, తర్వాత చెయ్యి తిరుగుతుంది.

దారానికి నైలాన్ గేలం తీగ వాడండి, దూరానికి కనిపించదు, కానీ నున్నగా ఉంటుంది కాబట్టి ఒక ముడితో ఊరుకోకండి, మూడు వెయ్యండి. డాంగ్లర్ కింది అంచు నేలకి కనీసం ఏడడుగుల ఎత్తులో ఉండేలా దారం కొలత కిందే చూసుకోవాలి, పైకి వెళ్లాక సర్దడం కుదరదు. రెండువైపులా అచ్చు ఉన్నదైతే ఒకే హుక్కు చాలు, గాలికి తిరుగుతూ అన్ని వైపులకీ కనిపిస్తుంది. ఒకవైపే అచ్చు ఉంటే రెండు హుక్కులు, లేకపోతే సగం సేపు తెల్ల వీపే కనిపిస్తుంది.

ప్రశ్న: వరంగల్‌లో మా షాపుకి ముందు భాగంలో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) సీలింగ్, వెనక ఉత్త శ్లాబు. అయస్కాంతం రెండు చోట్లా పట్టడం లేదు.

పట్టదండీ. పీఓపీలో గానీ జిప్సం బోర్డులో గానీ ఇనుము పైన దాక్కుని ఉంటుంది. జిప్సం బోర్డు 12.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అంత దూరం దాటి పట్టుకునేసరికి అయస్కాంతానికి బలం మిగలదు. అంటించే స్టిక్కర్ హుక్కులు పెడదామనుకుంటారేమో, సున్నం మీదా డిస్టెంపర్ మీదా అవి ఆ పొరతో సహా ఊడొస్తాయి, వర్షాకాలంలో ఇంకా త్వరగా.

మీలాంటి షాపులకి ఒక్కసారి మాత్రం సరైన నిచ్చెనతో సరైన పనివాణ్ని పిలవక తప్పదు. శ్లాబులో డ్రిల్ చేయించి రింగు హుక్కులు వరసగా పెట్టించండి, లేదా ఈ గోడ నుంచి ఆ గోడకి బిగుతుగా జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనప తీగ) లాగించండి. పీఓపీ ఉన్నచోట రింగు లోపలి ఇనప ఫ్రేముకో పైన శ్లాబుకో పట్టాలి, ఉత్త పీఓపీలో స్క్రూ బిగిస్తే పెచ్చుతో సహా రాలుతుంది. కరెంటు వైర్లు ఎటు పోతున్నాయో ఎలక్ట్రీషియన్‌ని అడక్కుండా డ్రిల్ పెట్టనివ్వకండి. ఒకసారి ఈ పని అయిందంటే ఆ తర్వాత ఏళ్ల తరబడి కర్రతోనే పని.

ఫ్యాన్ల మాట మర్చిపోకండి. రెక్కలు తిరిగే మేర దాటి ఇంకో రెండు మూడడుగుల దాకా ఏదీ వేలాడదీయొద్దు, కర్ర పైకెత్తే ముందు ఫ్యాన్ ఆపేయండి.

ప్రశ్న: డాలస్ దగ్గర మా ఇండియన్ గ్రాసరీ స్టోర్‌లో డ్రాప్ సీలింగ్ (మీరు చెప్పే గ్రిడ్ సీలింగే) ఉంది. అయస్కాంతాలు బాగానే పట్టాయి, కానీ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన కొన్ని తీసేయమన్నారు. ఎందుకు?

నిప్పంటుకుంటే సీలింగ్ నుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ల వల్ల అయ్యుండాలి. అక్కడి ప్రమాణాల ప్రకారం మామూలు స్ప్రింక్లర్ తల కింద 18 అంగుళాల మేర ఖాళీ ఉండాలి. నిప్పంటుకున్నప్పుడు నీళ్లు గొడుగులా విచ్చుకునేది ఆ ఖాళీలోనే, మధ్యలో బోర్డు అడ్డం వస్తే దాని వెనక భాగం తడవదు. స్ప్రింక్లర్ పైపుకి అయితే దారం ముక్క కూడా కట్టొద్దు. ఎగ్జిట్ బోర్డుని కప్పేలా ఏదీ వేలాడకూడదు, మీ స్టోర్‌లో ఏ మూల నిలబడ్డా అది కనిపిస్తోందో లేదో నడిచి చూసుకోండి. ఏసీ గాలి వచ్చే జాలీల ముందు నుంచి కూడా జరిపేయండి. ఇవన్నీ మన ఊళ్లలో స్ప్రింక్లర్లున్న మాల్స్‌లో షాపులు నడిపేవాళ్లకీ పనికొచ్చే జాగ్రత్తలే.

ప్రశ్న: అల్యూమినియం కర్ర మంచిదా, ఫైబర్ కర్ర మంచిదా? అయస్కాంతాలు తీశాక ఎలా దాచాలి? (రాజమండ్రి)

ఫైబర్ కర్రే. అల్యూమినియం తేలిగ్గా, చవగ్గా ఉంటుంది, కానీ దానిలోంచి కరెంటు పారుతుంది, మన షాపుల సీలింగ్‌లో టేపు ఊడిన వైరు జాయింటు ఒక్కటైనా ఉండకుండా ఉండదు. ఫైబర్‌ది కూడా పొడిగా ఉంటేనే రక్షణ, తడి చేత్తో పట్టుకోవద్దు.

అయస్కాంతాన్ని తీసేటప్పుడు నిలువునా కిందికి గుంజకండి, పట్టీ వంగుతుంది, టైల్ జారుతుంది. కర్ర తలని దాని రింగులో దూర్చి పక్కకి వంచితే ఒక అంచు లేచి సులువుగా వచ్చేస్తుంది. ఒకదానికొకటి ఎగిరి గుద్దుకుంటే పెచ్చులూడతాయి, మధ్యలో వేలు ఉంటే నలుగుతుంది, అందుకని అట్టముక్క అడ్డం పెట్టి ఒక్కొక్కటీ విడిగా దాచండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి వీటిని తీసి పెట్టే పని అప్పగించకండి. చిన్నపిల్లలు తిరిగే చోట కౌంటర్ మీద అస్సలు వదలొద్దు. రెండు అయస్కాంతాలు కడుపులోకి పోతే పేగుల్ని మధ్యలో ఇరికించి పట్టుకుంటాయి, అలా మింగారన్న అనుమానం వచ్చినా సరే, ఏమీ కాలేదులే అని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.