అద్దం ముందు పదిహేను నిమిషాలు

సరూర్‌నగర్, హైదరాబాద్.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మాదాపూర్‌లో నీ ఉద్యోగం పోయిన నెలలోనే అక్కయ్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైందనీ, ఈ ఏడాదంతా రోజుకొక స్వీయచిత్రం గీయాలనుకుంటున్నావనీ రాశావు. తప్పకుండా గీయమ్మా. బడిలో ఎన్నో ఏళ్లు డ్రాయింగ్ చెప్పినవాణ్ణే అయినా, ఈ పని గురించి నాకు తెలిసినదంతా 2020లో నేర్చుకున్నదే. జనతా కర్ఫ్యూ నాడు, అంటే మార్చి 22న మొదలుపెట్టి, మళ్లీ అదే తేదీ వచ్చేదాకా గీశాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఒకటుంది. నీ బాధను బొమ్మ వేయాలని కూర్చోవద్దు. ఆ పూట నీ ముక్కు, కనురెప్ప, పెదవి ఎలా ఉన్నాయో అంతవరకే వేయి. బాధను వేయబోతే, నాలుగో రోజుకల్లా చేతికి అలవాటైన వాలిన తల, కారే కన్నీరు మాత్రమే కాగితం మీదికి వస్తాయి. అలా కాక, వెలుగు ఎటునుంచి పడుతోంది, ఎడమ రెప్ప కుడిదానికంటే ఎంత కిందికి దిగింది అని చూసుకుంటూ పోతే ఏ రోజు సంగతి ఆ రోజు కొత్తగా కనబడుతుంది. జర్మనీ చిత్రకారిణి కేథె కోల్విట్జ్ 1914లో చిన్నకొడుకును యుద్ధంలో పోగొట్టుకుంది. ఆవిడ తన జీవితకాలంలో వందకు పైగా స్వీయచిత్రాలు వేసింది. మలివయసులో వేసినవి చూడు. బరువెక్కిన రెప్పలను, జారిన చెంపలను ఉన్నది ఉన్నట్టు పట్టుకుంది.

ఫోను ముందు పెట్టుకుని గీయవద్దు. దగ్గరగా పట్టుకుంటే దాని కెమెరా ముక్కును పెద్దది చేసి, చెవులను వెనక్కి నెట్టేస్తుంది. అద్దమే వాడు, అదీ పెద్దది అక్కరలేదు. నువ్వు ఎంత దూరంలో నిలబడినా, అద్దం పలక మీద నీ ముఖం పట్టే చోటు అసలు ముఖంలో సగమే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే, ఒక కన్ను మూసి, సబ్బుముక్కతో పలక మీద నీ ముఖం అంచు గీసి కొలిచి చూసుకో. కాబట్టి ఆరంగుళాల బొట్టద్దం సరిపోతుంది. దాన్ని కంటి ఎత్తులో ఉంచి, పుస్తకాన్ని నిటారుగా ఆనించుకుంటే, తల కదపకుండా చూపు మాత్రమే అటూ ఇటూ తిప్పగలుగుతావు. కిటికీ నీకు ఒక పక్కనే ఉండాలి. నెత్తిమీద ట్యూబ్‌లైటు వెలుగుతుంటే నీడలన్నీ చెదిరిపోతాయి.

పదిహేను నిమిషాలు గడియారం పెట్టుకుని గీయి. అది మోగగానే, చెవి మిగిలిపోయినా సరే, ఆపేయి. 2బి, 4బి పెన్సిళ్లు రెండూ, కాస్త మందపాటి కాగితం ఉన్న పుస్తకం కోఠీలో కొనుక్కో. రబ్బరు మాత్రం కొనవద్దు, ఎందుకంటే చెరపడం మొదలైతే పదిహేను నిమిషాలూ దానికే పోతాయి.

మొదటి పదిరోజుల్లో ఒక సంగతి నిన్ను కలవరపెడుతుంది, ముందే చెబుతున్నాను. ప్రతి బొమ్మలోనూ కనుబొమలు ముడిపడి, పెదవులు బిగుసుకుని, నువ్వు ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు కనిపిస్తావు. అది దిగులు కాదు తల్లీ; అంత శ్రద్ధగా చూసే మనిషి ముఖం అలాగే ఉంటుంది. నేను ఏప్రిల్ నెలంతా ఆ పుస్తకం చూసుకుని, నేను లోలోపల కుంగిపోతున్నానేమోనని భయపడ్డాను. అందుకే మొదటి మూడు నెలలూ వెనక పేజీలు తిప్పవద్దని నా మాట. వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టవద్దు. నలుగురూ చూస్తారని తెలిస్తే చేయి ముఖాన్ని చక్కదిద్దడం మొదలుపెడుతుంది.

ఆ ఆగస్టులో నాకు కోవిడ్ వచ్చి వెనకగదిలో ఒంటరిగా పడుకున్నప్పుడు కూడా గీశాను. పేజీ అడుగున తేదీ, వేళ, ఆక్సీమీటరు చూపిన అంకె రాసేవాణ్ణి. ఒక పేజీలో 93 అని ఉంది. దాని పైన ఒక ముక్కు, సగం కన్ను మాత్రమే ఉన్నాయి. ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే నిజమైన బొమ్మ అదే అనిపిస్తుంది. నువ్వూ అడుగున ఒక్క వాక్యం రాసుకో, ‘అమ్మకు ఇవాళ నాలుగు గంటలు పట్టింది’ అన్నంత పొడిగా.

అక్టోబరు 13 రాత్రి వాన సంగతి నీకూ గుర్తుండే ఉంటుంది. చెరువునీళ్లు మా ముందుగదిలోకి వచ్చి, కింది అరలోని రెండు పుస్తకాలూ నానిపోయాయి. తెల్లవారి చూస్తే, సరదాపడి ఫౌంటెన్ పెన్నుతో గీసిన పేజీలన్నీ నీలిమరకలై ఉన్నాయి. పెన్సిలు గీతలు మాత్రం చెక్కుచెదరలేదు. పేజీపేజీకి మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టి, గంటగంటకూ మారుస్తూ, ఎండలో కాకుండా ఫ్యాను కింద మూడు రోజులు ఆరబెట్టాను. నీకు పెన్సిలు అని పట్టుబట్టి చెప్పడానికి కారణం అదే. పుస్తకాలు పై అరలోనే పెట్టుకో.

నేను గీయని రోజులు పదిహేడు ఉన్నాయి. ఆ పేజీల మీద తేదీ వేసి ఖాళీగా వదిలేశాను. మర్నాడు రెండు గీసి లెక్క సరిచేయాలని చూడవద్దు. నిన్నటి ముఖం ఇవాళ అద్దంలో ఉండదు కదా.

డయాలసిస్ రోజుల్లో ఇంటికి వచ్చాక గీద్దామనుకుంటే కుదరదు, అలసిపోతావు. అక్కయ్య లోపల ఉన్నప్పుడు బయట బెంచీ మీదే ముగించు. ఆదివారం నేను వస్తున్నాను. మీ అత్తయ్య బొట్టద్దం, మేకులు, సుత్తి తెస్తాను. కిటికీ ఉన్న గోడకు అడ్డంగా ఉన్న గోడమీద ఒక మూరెడు చోటు ఖాళీ చేసి ఉంచు.

ఆశీస్సులతో,
మామయ్య